ఇత్తడి పని ఎవరిది?

ఈ రోజు సైనిక్‌పురిలో జరిగిన మోడల్ విమానాల ప్రదర్శనలో, అరచేతిలో పట్టే నా బైప్లేన్‌కి మొదటి బహుమతి వచ్చింది.

ప్లాస్టిక్ ముక్కలు అతికించి రంగులు వేసింది నేనే. కానీ దాని అందమంతా లోపలి ఇత్తడి పనిలో ఉంది. పల్చటి రేకులోంచి బియ్యపు గింజంత సీటు బెల్టులు, బకిల్స్ కత్తిరించి, వంచి, అతికించాలి. నా చేతులు వణుకుతాయి. అందుకే మోండా మార్కెట్‌లో గడియారాలు బాగుచేసే యూసుఫ్ భాయ్‌ని బతిమాలాను. నెల రోజులు తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని ఆయనే చేసిపెట్టాడు.

జడ్జి భూతద్దంతో చూసి, "ఈ బెల్టులు మీరే చేశారా సార్? ఏం పనితనమండీ!" అన్నారు.

"అవునండీ, కాస్త ఓపిక కావాలి" అన్నాను. నోరు జారి కాదు, తెలిసే అన్నాను.

వెనక్కి తిరిగితే యూసుఫ్ భాయ్! దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన పని చూపించడానికి భార్యను కూడా తీసుకొచ్చాడు.

"ఏందీ, అవి మీరే చేసిన అన్నరు గదా?" అని ఆమె భర్తను మెల్లగా అడిగింది.

"సార్ చేసిండు. నేను జెర సాయం చేసిన, అంతే" అన్నాడాయన.

అప్పుడైనా నేను నోరు విప్పలేదు. ఫొటో దిగి, కప్పు పట్టుకుని ఇంటికొచ్చాను.

దయచేసి కింద కామెంట్లలో అభినందనలు పెట్టకండి. నాలుగు తిట్లు పెట్టండి. అవి తిన్నాకైనా రేపు ఆయన దుకాణం మెట్లెక్కే ధైర్యం వస్తుందేమో.