నెమలి చుట్టూ తెల్ల డబ్బా

హిందూపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ మీద పేజీలు కట్టడం నా పని. పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసి చేసి, కళ్లు మూసుకున్నా చేయగలననే ధీమా వచ్చేసింది. ధర్మవరం పెద్దాయన వచ్చాక ఆ ధీమా పోయింది.

ఆయన జీవితమంతా పట్టుచీరల అంచులకు బొమ్మలు గీసినవాడు. ముందు తెల్ల కాగితం మీద కుంచెతో గీసుకుని, తర్వాత దాన్ని గళ్ల కాగితం మీదికి ఎక్కించి మగ్గాలవాళ్లకు ఇచ్చేవాడు. డిజైన్లు కంప్యూటర్లలో చేయడం మొదలయ్యాక ఆయన దగ్గరికి ఎవరూ రావడం లేదు. దాచుకున్న కుంచె బొమ్మలతో ఒక చిన్న పుస్తకం వేయించి, నేతవాళ్ల ఇళ్లకు పంచాలని ఆయన కోరిక. ఒక్కో పేజీ ఒక్కో చీర రంగులో ఉండాలి. దాని మీద బొమ్మ ఒక్కటే కనిపించాలి.

బొమ్మలు స్కాన్ చేసి, చుట్టూ ఉన్న కాగితాన్ని చెరిపేసి, పేజీల్లో పెట్టాను. వంకాయరంగు పేజీ నడుమ తెల్లటి డబ్బా, అందులో నెమలి. మళ్లీ చెరిపి పెట్టాను. మళ్లీ అదే డబ్బా. ఇంతలో పెద్దాయన రానే వచ్చాడు.

"ఏమ్మా, నా నెమలికి తెల్లచొక్కా ఎందుకు తొడిగినావు?"

"కాగితమంతా తీసేసినా తాతా. పేజీలో పెడితే మళ్లీ వస్తాండాది."

మా ఓనరు తల ఎత్తకుండానే అన్నాడు: "బొమ్మ కనపడతాండాది కదప్పా. పేజీలన్నీ తెల్లగానే ఏసేద్దాం."

పెద్దాయన తన సంచి తెరిచాడు. బొమ్మలు ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టుకోసాగాడు. "నా బొమ్మలకూ ఈ మిషన్లకూ పడదులేమ్మా" అన్నాడు. కోప్పడి ఉంటే అంత బాధ ఉండేది కాదు. నేను ఆ సంచి పట్టుకుని ఆపి, "నాలుగు దినాలు ఆగు తాతా, నేను చూస్తా" అన్నాను.

తప్పు నాదేనని మరుసటి రోజు తెలిసింది. అలవాటు కొద్దీ ప్రతి బొమ్మనూ జేపీజీగా సేవ్ చేస్తున్నాను. ఆ రకం ఫైలుకు ఖాళీ అంటే ఏమిటో తెలియదు. చెరిపిన చోటల్లా తెలుపు నింపేస్తుంది. అదే బొమ్మను, ఖాళీని ఖాళీగానే ఉంచే పీఎన్‌జీగా సేవ్ చేసి పెడితే డబ్బా మాయమై, నెమలి వెనక వంకాయరంగు కనిపించింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పెద్దది చేసి చూస్తే, కాగితంతో పాటు ఈకల కొసలు కూడా చెరిగిపోయి ఉన్నాయి. ఏది ఆయన గీతో, ఏది పాత కాగితం మరకో నాకు తేలలేదు. ఫోన్ చేసి రమ్మన్నాను.

మర్నాడు మా ఊరు పెనుకొండలో నేను రోజూ ఎక్కే రైలెక్కేసరికి, ధర్మవరం నుంచి అందులోనే వస్తున్న ఆయన కిటికీ పక్కన నాకు చోటు ఆపి ఉంచాడు. ప్రెస్సులో నా పక్కన కుర్చీ వేసుకుని, అద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు. ఈసారి నేను దేన్నీ చెరపలేదు. కాగితాన్ని కనపడకుండా మూసి ఉంచే పద్ధతి ఉంది. పొరబడితే మళ్లీ తెరవచ్చు.

"ఇది తీసేద్దునా తాతా?"

"వద్దొద్దు, అది నా గీతే. సన్నగా ఉండాదని తీసేస్తే ఈక యాడిది?"

"మరి ఇది?"

"అది నాది కాదు. మా మనవరాలు కాఫీ ఒలకబోసింది."

నవ్వుకుంటూనే సాయంత్రం దాకా చేశాం. హంస మెడకూ రెక్కకూ మధ్య ఉన్న చిన్న సందును ఆయనే చూపించాడు. "ఆ సందులో చీర రంగే కనపడల్ల" అన్నాడు. అక్కడి కాగితాన్ని కూడా మూసేశాను. హంస ఒక్కసారిగా పేజీ మీద కదిలినట్టనిపించింది.

"ఆ పచ్చ తీసి ఎరుపు ఏస్తే ఎట్లుంటాదో చూపిస్తావా?"

పేజీ రంగు మార్చాను. హంస అలాగే ఉంది, కింద రంగు మాత్రం మారింది. ఆయన అద్దాలు సర్దుకుని తెర మీదికి వంగాడు. "రంగు మార్చి చూడల్లంటే నేను బొమ్మంతా మళ్లా గీసేవాణ్ణి. ఏదీ, ఆ మౌసు ఇట్లియ్యి" అన్నాడు. ఒక గంటసేపు ఆ హంసకు ఎన్ని చీరలు కట్టాడో లెక్కలేదు. మా ఓనరు కూడా వెనక నిలబడి, "ఆ నీలం బాగుండాదప్పా" అన్నాడు.

పుస్తకం అచ్చయి నేతవాళ్ల ఇళ్లకు చేరిన కొన్నాళ్లకు, ఒక ఆదివారం ధర్మవరం రమ్మని పెద్దాయన కబురు పెట్టాడు. స్టేషన్ నుంచి నేరుగా ఒక నేతగత్తె ఇంటికి తీసుకెళ్లాడు. ఆమె మగ్గం మీద, నీలం చీర అంచులో, మా హంసలు వరసగా నడుస్తున్నాయి. జరీ సందుల్లోంచి నీలం తొంగిచూస్తోంది. నేను వేలితో తాకబోయి ఆగిపోయాను.

"ముట్టుకో పాపా, ఏం కాదు" అని ఆమె నవ్వింది. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "ఇంగొకటి కావల్లన్నా. చిలక. పుస్తకంలో లేదు, కొత్తగా గీసియ్యల్ల" అంది.

ఆయన గుమ్మం దగ్గర వెలుతురులో చాప మీద కూర్చుని, కాగితం ఇమ్మని చెయ్యి చాపాడు.