ఆంటీ స్టీలు క్యారియర్

ఎనభైల్లో అమెరికాలోని పిస్కాటవేలో ఒక సాయంత్రం, అంకుల్ తమ దక్షిణ ఫ్రాన్స్ ట్రిప్ స్లైడ్లు ప్రొజెక్టర్‌తో గోడమీద వేసి మాకు చూపించారు. కోట ముందైనా, ద్రాక్షతోటలోనైనా, ప్రతి బొమ్మలోనూ ఆంటీ చేతిలో స్టీలు క్యారియర్ ఉంది. చర్చిలో ప్రభు భోజనానికి కూడా వైన్ బదులు గ్రేప్ జ్యూసే తాగే మనిషావిడ.

"అక్కడ కూరల్లో కూడా వైన్ పోస్తారమ్మా. అందుకే రోజూ పులిహోర కలిపి పట్టుకెళ్లా."

చివరి స్లైడులో మాత్రం ఆ క్యారియర్ ద్రాక్షతోట యజమానురాలి చేతిలో ఉంది. ఆవిడకు పులిహోర తెగ నచ్చిందట.

"గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని వాళ్లకీ తెలుసమ్మా. నింపి ఇచ్చింది."

"దేంతో ఆంటీ?"

"వాళ్ల దగ్గర ఇంకేముంటుంది?"

"మరి పారబోశారా?"

అంకుల్ దగ్గారు. ఆంటీ చటుక్కున లైటు వేసి, "ప్రేమగా ఇచ్చింది పారబోస్తే పాపం కాదూ!" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయారు.