నూటపన్నెండు రిఫరెన్సులూ, ఒక పాట్‌లక్కూ

అప్పట్లో నాకొక నమ్మకం ఉండేది. పీహెచ్‌డీ చేయడమే కష్టం, చేసినదాన్ని కాగితం మీద పెట్టడానికేముందిలే అని. నాలుగేళ్ళు కోళ్ళ పేగుల్లో బాక్టీరియాని లెక్కపెట్టినదాన్ని, కామాలకీ చుక్కలకీ భయపడతానా అనుకునేదాన్ని. (తెలివైనవాళ్ళు భయపడతారు. నేను పడలేదు.) పరిశోధన పేపర్లో మనం రాసే ప్రతి ముక్కకీ, ఇది ఫలానావాళ్ళు ముందే తేల్చారని చివర ఒక జాబితా ఇస్తాం. వాటినే రిఫరెన్సులంటారు. వాటిని దానంతటదే సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, మొదటి నుంచీ అందులో పెట్టుకో అని మా ప్రొఫెసర్ చేరిన ఏడాదే చెప్పారు. ఆయన చెప్పినప్పుడు బుద్ధిగా తలూపి, తర్వాత అన్నీ చేత్తోనే టైపు చేసుకున్నాను. మిక్సీలో వేస్తే పచ్చడి రుచి పోతుంది, రోట్లోనే నూరాలి అనేవాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు. నేనూ ఆ బాపతే.

అలా నూరినవి నూటపన్నెండు. మొదటి జర్నల్ వాళ్ళు మా పేపర్ని ఆరు నెలలు దగ్గర పెట్టుకుని, మీ పని చాలా ఆసక్తికరంగా ఉంది, మాకు మాత్రం వద్దు అని ఎంతో మర్యాదగా తిప్పి పంపారు. రెండో జర్నల్‌కి పంపాలంటే జాబితా మొత్తం వాళ్ళ పద్ధతిలోకి మార్చాలి. వాక్యాల పక్కన ఉన్న పేర్లు పీకేసి నంబర్లు వేయాలి. ఆ నంబర్ల వరసలోనే జాబితా ఉండాలి. రచయితలు ఆరుగురు దాటితే మొదటి ఆరుగురి పేర్లే ఇచ్చి, మిగతావాళ్ళందరినీ కలిపి "ఎట్ ఆల్" అనేయాలి, అంటే తదితరులు. అచ్చయిన సంవత్సరం పేర్ల పక్కనుంచి లేచి ఎక్కడో చివరికి వెళ్ళి కూర్చోవాలి. ఎందుకని అడగకూడదు. ఇదంతా శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు అయిపోయి, పేపర్ అందినట్టు జర్నల్ నుంచి మెయిల్ వస్తేనే యూనివర్సిటీ నన్ను ఆ సెమిస్టర్‌లో గ్రాడ్యుయేట్ చేస్తుంది. లేకపోతే ఇంకో సెమిస్టర్ ఆగాలి. నేను ఆగుతాను గానీ, ఒక కోళ్ళ దాణా కంపెనీ వాళ్ళు ఇస్తామన్న ఉద్యోగం ఆగదు. (ఉద్యోగం పోతే వీసా ఏమవుతుందో అమెరికాలో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు.)

అప్పుడు నేను బెంటన్‌విల్‌లో అక్కావాళ్ళింట్లో ఉంటూ పక్క ఊళ్ళో యూనివర్సిటీకి డ్రైవ్ చేసుకుని వెళ్ళేదాన్ని. ఆ శుక్రవారానికి ముందు ఆదివారం ఇంట్లో పాట్‌లక్. తలా ఒక వంటకం చేసి గిన్నెలో పట్టుకుని జనం వస్తుంటే నేను మూల సోఫాలో లాప్‌టాప్ పెట్టుకుని ఏడుపొక్కటే తక్కువగా కూర్చున్నాను. మా బావ ఐటీ కాంట్రాక్టర్. పని పంచితే సగం అయిపోయినట్టేనని నమ్మే మనిషి. నా కష్టం విని, ఇంతమందికి ఒక్కదానివే వండుతావా, పాట్‌లక్ పెట్టెయ్ అన్నాడు. అన్నదే తడవు జాబితాని మూడు ముక్కలు చేసి, ఒకటి తను తీసుకుని, ఒకటి అక్కకిచ్చి, మూడోది పప్పు ఆంటీకి మెయిల్ చేసేశాడు. పప్పు ఆంటీ అంటే ప్రతి పాట్‌లక్‌కీ మామిడికాయ పప్పే తెచ్చే ఆవిడ. ఆ పేరు ఆవిడకీ తెలుసు, కోపం లేదు. జర్నల్ వాళ్ళ నియమాల కాగితం కూడా అందరికీ ఇచ్చాను. నా నెత్తిన పాలు పోశారనుకున్నాను.

బుధవారానికి బావ వాటా చూస్తే, ముచ్చటైన ఎక్సెల్ షీటు, రంగురంగుల గళ్ళు, ప్రతి రిఫరెన్సుకీ ఓనర్, స్టేటస్, రిస్క్. పూర్తయినవి నాలుగు. అక్క తన వాటా శుభ్రంగా పూర్తిచేసింది. చేసి, చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని అక్షరక్రమంలో సర్దేసింది. దాంతో కోడిపేగు గురించి నేను రాసిన వాక్యానికి ఆవుపేడ ఎరువు పేపరు సాక్ష్యమై కూర్చుంది. ఇద్దరి వాటాలూ నేనే మళ్ళీ చేసుకున్నాను, పళ్ళు నూరుకుంటూ. గురువారం ఆంటీ వాటా వచ్చింది. ఆవిడ పనిలో వంక ఉండదని అందరూ అంటారు కదాని, చూడకుండా అతికించి సబ్మిట్ చేసేశాను.

శుక్రవారం పొద్దున జర్నల్ ఆఫీసు నుంచి మెయిల్. రిఫరెన్సులు మా నియమాల ప్రకారం లేవు, సరిచేసి పంపేదాకా పేపర్ అందినట్టు కాదు అని. తెరిచి చూద్దును కదా, ఆంటీ వాటా పదకొండు పేజీలు. ఏ ఒక్క దాంట్లోనూ ఎట్ ఆల్ లేదు. ప్రతి పేపరుకీ రచయితలందరి పేర్లూ, పూర్తిగా, ఒక్కరూ మిగలకుండా ఉన్నాయి. కోడి జన్యువుల పేపరొకటి ఉంది, దాని పేర్లే పేజీన్నర. ఒళ్ళు మండిపోయి ఫోన్ చేశాను.

"కావాలనే వేశానమ్మా," అన్నారు ఆంటీ తాపీగా. "మా పెళ్ళి శుభలేఖలో ఒక్క బాబాయి పేరు పోయినందుకు పదేళ్ళు మాటల్లేవు మా ఇళ్ళల్లో. ఇంతమంది కష్టపడితే ఆరుగుర్ని వేసి మిగతావాళ్ళని తదితరులంటే బావుంటుందా? ఒక్కొక్కరినీ ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకున్నా. మూడు రోజులు పట్టింది."

ఇది పెళ్ళి కార్డు కాదని, సాయంత్రం ఐదింటికి నా డిగ్రీ గంగలో కలుస్తుందని, నియమాలు ఇచ్చింది చదవడానికేనని అరిచాను. పెద్దావిడ మీద అలా అరవకూడదు. అరిచాను. ఆంటీ నన్ను పూర్తిగా అరవనిచ్చారు.

"తొంభైమూడో నంబర్ చూశావా?" అన్నారు తర్వాత. "అందులో ఏడో పేరు నీదే. ఆరుగురితో ఆపేస్తే నువ్వే పోతున్నావు. నాకు మనసొప్పలేదు. నిన్నొక్కదాన్నే ఉంచితే మనపిల్లని వేసుకున్నారంటారని, అందర్నీ వేసేశా."

అది నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో ప్లేట్లు కడిగీ, లెక్కపెట్టీ సంపాదించుకున్న ఏడో స్థానం. దాన్ని నేను పట్టించుకోవడం మానేసి చాలా కాలమైంది. సరే ఆంటీ ఉంటాను అని పెట్టేశాను. తర్వాత మధ్యాహ్నమంతా కూర్చుని, ఆవిడ మూడు రోజులు వెతికి తెచ్చిన పేర్లన్నీ ఒక్కొక్కటే చెరిపేశాను. తొంభైమూడు దగ్గర కొంచెంసేపు ఆగి, నన్నూ చెరిపేసుకున్నాను. ఐదుకి ఇరవై నిమిషాలుందనగా అందినట్టు మెయిల్ వచ్చింది. డిగ్రీ దక్కింది, ఉద్యోగమూ దక్కింది.

పేపర్ అచ్చయ్యే ముందు, చివర కృతజ్ఞతలు రాసుకునే చోట ఎన్ని పేర్లు వేసినా అడిగేవాళ్ళుండరని తెలిసింది. ఆంటీ పేరు, ఇంటిపేరుతో సహా వేశాను. అచ్చయ్యాక పట్టుకెళ్ళి చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నారు. మొహం వెలిగింది. మూడోసారి చదివి, "మరి మీ అక్క పేరేదమ్మా? మీ బావ పేరు?" అన్నారు. చోటు సరిపోలేదని అబద్ధం చెప్పాను. నిజానికి ఆ కృతజ్ఞతలు రాసిన రోజు వాళ్ళు నాకు గుర్తే రాలేదు. అంత గొడవ చేసి, అంత పాఠం నేర్చుకున్న అప్పటి నన్ను, ఆ మహాతల్లిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. అక్కా బావా ఇంతవరకూ ఆ పేపర్ తెరిచి చూడలేదు. ఇక ముందూ చూడకుండా ఉంటే చాలని దేవుణ్ణి వేడుకుంటూ ఉంటాను.