ఆటకు బెల్లం

మా ఆడగుర్రం కోదాడ చుట్టుపక్కల పెళ్లికొడుకులను ఎనిమిదేళ్లు మోసింది. దానికి ఆట నేర్పింది నేనే. బెల్లంముక్క చూపిస్తూ పక్కన డప్పు కొట్టించేవాణ్ని. ముందరి కాలు ఎత్తి ఆడితే బెల్లం, ఆడకపోతే ఖాళీ చెయ్యి. ఎంత బాగా నేర్పానో అని మీసం కూడా తిప్పుకునేవాణ్ని.

పోయిన ఎండాకాలం ఒక పెళ్లి బరాత్‌లో సిమెంటు రోడ్డు మీద ఆడి ఆడి కుడి ముందరి కాలి నరం చీల్చుకుంది. పశువుల డాక్టరు ఒకటే మాట చెప్పాడు: "ఇంకొక్కసారి ఆ కాలు ఎగరేసిందనుకో, ఇగ లేచి నిలబడది. మెత్తటి నేల సూడు." మా వాకిలంతా నాపరాళ్లు. పాలకీడు దగ్గర బత్తాయి తోటలో గొర్లు, బర్లు సాకే మా దోస్తు, తన దగ్గర ఆరు నెలలు ఉంచుకుంటానన్నాడు. బెల్లం కనిపిస్తే కాలు ఎత్తుతుందని ఆ రోజు నుంచే బెల్లం బందు పెట్టాను. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటరు, నీది కుంటిదైంది, ఇంకేం" అని మా వాడలో నవ్వారు. ఆ నవ్విన వాళ్ల పెళ్లిళ్లన్నీ దీని మీదే అయ్యాయి.

డీసీఎం వ్యానులో వరిగడ్డి మందంగా పరిచి, పొద్దున్నే బయలుదేరాం. డ్రైవరు ముందర, నేను వెనక పగ్గం పట్టుకుని. హుజూర్‌నగర్ దాటాం. నేరేడుచర్ల ఇంకా రాలేదు, దాని చెవులు నిక్కపొడుచుకున్నాయి. నాకు వినిపించకముందే దానికి వినిపించింది. డప్పులు. రోడ్డు నిండా పెళ్లివాళ్లు.

"వెనక్కి తిప్పు!" అని అరిచాను.

"ఎట్ల తిప్పాలె అన్నా? ఎనక సిమెంటు లారీలు!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుర్రం ఒళ్లంతా వణుకుతోంది, కుడి కాలు నేల మీద నిలవడం లేదు. నేను కూలబడి ఆ కాలిని రెండు చేతులా వాటేసుకున్నాను. "పోయి బంద్ చెయ్యమను! కాళ్లు మొక్కు!" అని డ్రైవరును తరిమాను. డప్పు దగ్గరయ్యే కొద్దీ ఆ కాలు నా చేతుల్లో కొట్టుకుంది. అంత భయం నేను నా జన్మలో పడలేదు.

డప్పు ఆగింది. డప్పులవాళ్ల పెద్ద, ఒక ముసలాయన, బండి దాకా వచ్చి లోపలికి చూశాడు. "ఇది మన గుర్రమే గదరా" అన్నాడు. ఇన్నేళ్లూ దాని ముందర కొట్టినవాడే. పెళ్లికొడుకు వాళ్లు గొణుగుతున్నా, మేము దాటే దాకా ఎవర్నీ డప్పు కర్ర ముట్టనివ్వలేదు.

డప్పు ఆగగానే గుర్రం మూతి తెచ్చి నా జేబు వెతికింది. అందులో ఏమీ లేదు. సిగ్గేసింది.

పాలకీడు చేరాం. మెల్లగా దింపితే, తడిపిన నల్లమట్టిలో గిట్టలు దిగబడ్డాయి. అమ్మయ్య అనుకున్నాను. ఇంతలో మా దోస్తు భార్య చెంబుతో వచ్చింది. కొత్తగా వచ్చిన పశువుకు కాళ్ల మీద నీళ్లు పోసి నోరు తీపి చేయడం వాళ్ల పద్ధతి. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆమె కొంగుముడి విప్పి అరచెయ్యి చాపింది. బెల్లం.

"అక్కా, వద్దు!"

కుడి కాలు అప్పటికే లేచింది. మట్టిలో మోకాళ్ల మీద పడి, అది ఎగరేయకముందే పట్టుకున్నాను.

"ఏమైందన్నా, ఎందుకట్ల ఎత్తింది?"

"ఆడితేనే పెట్టిన గదక్కా, ఇన్నేళ్లు."

ఆమె ఆ ముక్క నా చేతిలో పెట్టింది. "అయితే నువ్వే పెట్టు. ఆడకముందే పెట్టు" అంది.

ఒక చేత్తో కాలిని కిందికి అదిమి పట్టి, రెండో చెయ్యి పైకి చాపాను. అది వెంటనే తినలేదు. నా ముఖంలోకి చూస్తూ, ఇంకా ఆడాలేమోనని కాలు లాగుతూనే ఉంది.