నోట పెట్టని సన్నాయి

మొన్న శుక్రవారం మా మేడంగారి అమ్మాయిని కొత్త మాల్‌లోని వాద్యాల షోరూముకు తీసుకెళ్ళాను. కారు దగ్గరే కూర్చుంటానంటే ఆ పిల్ల ఊరుకోలేదు, ఎండగా ఉంది లోపలికి రమ్మని వెంటబెట్టుకుపోయింది. నర్సరీకి దింపిన నాటి నుంచీ నన్ను ఎరిగిన పిల్ల, ఇప్పుడు యూనివర్సిటీ చదువు ఎప్పుడో ముగించి ఉద్యోగం చేస్తూ పియానో నేర్చుకుంటానని ఇంట్లో పట్టుబట్టి కూర్చుంది. లోపల అడుగు పెట్టగానే నాకు వింతగా తోచింది ఏమిటంటే, అంత పెద్ద అంగట్లో నలుగురైదుగురు కీబోర్డుల ముందు కూర్చుని తెగ వాయిస్తున్నారు గానీ ఎక్కడా చప్పుడు లేదు. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు. వేళ్ళు పరుగెత్తుతున్నాయి, తలలు ఊగుతున్నాయి, ఎవరి పాట వాళ్ళకే వినబడుతోంది. అక్కడ పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి నా దగ్గరకు వచ్చి మీరూ ఏదైనా చూస్తారా సార్ అని మర్యాదగా అడిగితే నాకు నవ్వాగలేదు. కొనకుండా చూడటంలో నాకున్న అనుభవం ఆమెకేం తెలుసు! చప్పుడు లేకుండా వాయించే విద్య ఈ కాలం వాళ్ళు కనిపెట్టామనుకుంటున్నారు గానీ, ఇదే ఊళ్ళోని అల్ మన్సూరా పేట సందుల్లో మేము ఆ పని ఎప్పుడో చేశాం.

మాది రాయచోటి వైపు పల్లె. మా ఇంటి వృత్తి మేళం. తాతదీ నాయనదీ సన్నాయి, మా చిన్నాయనది డోలు. చుట్టుపక్కల ఏ ఇంట పెళ్ళి జరిగినా మా వాళ్ళ గట్టిమేళం మోగితేనే తాళి కట్టినట్టు లెక్క. నేను పలక పట్టకముందే సన్నాయి పట్టినవాణ్ణి. అయినా వయసొచ్చాక మా ఊరి కుర్రాళ్ళందరి మాదిరే డ్రైవింగ్ నేర్చుకుని విమానం ఎక్కాను. వచ్చింది ఖతర్‌కే గానీ మా వైపు వాళ్ళకు గల్ఫంతా కువైటే కాబట్టి, ఈనాటికీ మా ఊళ్ళో నేను కువైట్‌లోనే ఉన్నాను.

హౌస్ డ్రైవర్ బతుకు నా వయసు వాళ్ళకు చెప్పనక్కర లేదు. గేటు పక్కన గది, పొద్దున బడి, తరువాత మార్కెట్టు, సాయంత్రం చుట్టాల ఇళ్ళు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు తాళం చెవులు తీసుకుని పరుగు. శుక్రవారం పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయ్యాక మాత్రం యజమాని, ఆయన్ను మేమంతా బాబా అనేవాళ్ళం, తనే కారు నడుపుకుంటూ కుటుంబాన్ని తన అమ్మగారింటికి తీసుకెళ్ళేవాడు. ఆ కాస్త పొద్దూ నాది. ఆ రోజుల్లో శుక్రవారమంటే మనవాళ్ళు కొందరు ఫోన్ బూత్ దగ్గర వరుసలో నిలబడేవారు, కొందరు వారం నిద్రంతా ఒక్కసారే నిద్రపోయేవారు, నేను మాత్రం కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోయేవాణ్ణి. అట్లా తిరుగుతుండగా ఒక టైలరు అంగడికీ టీ కొట్టుకూ మధ్య ఇరుక్కుని కనిపించింది ఆ వాద్యాల అంగడి. లోపల హార్మోనియంలు, డోలక్‌లు, వీణల్లాంటి అరబ్బుల ఊద్‌లు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని గిటార్లు. వీటన్నిటికీ పైన, గోడ మీద, అలంకారానికి తగిలించినట్టు ఒక సన్నాయి. దాన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. పరాయి దేశంలో సొంత చుట్టం ఎదురుపడితే ఎట్లా ఉంటుందో అట్లా అనిపించింది.

అంగడాయనది కేరళ. వాళ్ళ వాళ్ళు పెద్దవాళ్ళను పిలిచే పద్ధతిలో అందరూ ఆయన్ను ఇక్కా అనేవారు, మేమూ అదే అన్నాం. కొనని వాళ్ళను తరిమేసే మనిషి కాదు గానీ, ఆయనకు ఒక నియమం ఉండేది. తీగలు మీటుకోవచ్చు, తోలు మీద వేళ్ళు ఆడించుకోవచ్చు, నోట పెట్టుకునే వాద్యం మాత్రం కొన్నాకే నోట పెట్టాలి. నేను సన్నాయి అడిగిన మొదటి రోజే హిందీ, అరబ్బీ కలిపి తేల్చి చెప్పేశాడు.

"మూ మాఫీ. హాత్ ఓకే."

నోరు కుదరదు, చెయ్యి పర్వాలేదు అని. ఆయన మాటా నిజమే, ఒకరు ఎంగిలి చేసిన దాన్ని ఇంకొకరు ఎందుకు కొంటారు? పోనీ కొనుక్కుందామంటే, కొని ఎక్కడ ఊదను? సన్నాయి నాలుగు వీధులకు వినబడే వాద్యం. నా గదికీ బాబా అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్‌కూ మధ్య ఉన్నది ఒక్క గోడ. అందుకని చేత్తో పట్టుకుని, రంధ్రాల మీద వేళ్ళు ఆడించి, తుడిచి ఇచ్చేసి వచ్చేవాణ్ణి.

అట్లా సరదాగా సాగిపోయే వ్యవహారమే, ఇంటి నుంచి ఆ ఫోన్ రాకపోయి ఉంటే. చెల్లెలికి సంబంధం కుదిరిందనీ, నా సెలవు చూసుకునే ముహూర్తం పెట్టుకున్నామనీ నాయన చెప్పాడు. నాయనకు అప్పటికే రొమ్ము పట్టేసి, రెండు ఊపిరులు ఊదితే దగ్గు ఆగని పరిస్థితి. మేళం వాళ్ళ ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికి బయటి మేళం వచ్చిందంటే ఆ మాట చుట్టాలు జన్మలో మరిచిపోరు. నాయన బాధంతా అదే.

"బయటోళ్ళను మాట్లాడమంటావా రా? నువ్వు ఊదుతానని ఒక్క మాట చెప్తే గమ్మునుంటా."

ఊదుతా నాయనా అనేశాను. సన్నాయి నోట పెట్టి ఎంత కాలమైందో తలచుకుంటే, పందిట్లో మా చుట్టాలందరూ, ఒక్కొక్కరూ చెయ్యి తిరిగిన వాద్యగాళ్ళు, చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నట్టు కళ్ళకు కట్టింది.

ఆ తరువాతి శుక్రవారం నుంచి అంగడికి పోవడం చూడటానికి కాదు, సాధనకు. మా తాత కట్టిన పెళ్ళి వరుస ఒకటి ఉంది. పెళ్ళికూతుర్ని నెమ్మదిగా నడిపించుకొచ్చినట్టు మొదలంతా సాగుతుంది, తరువాత మెట్లెక్కినట్టు పైకి పోతుంది, ఆ పైన గట్టిమేళం. సన్నాయి గడ్డం కింద ఆనించుకుని, పాట లోపల్లోపల పాడుకుంటూ వేళ్ళతో ఆ వరుసంతా నడిపించేవాణ్ణి. ఒకరోజు అట్లా కళ్ళు మూసుకుని ఉంటే పక్కన డోలక్ మీద మెల్లగా తాళం వినబడింది. చూస్తే నాకన్నా కొంచెం పెద్దవాడు, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు నుంచి కంపెనీ బస్సులో దిగిన మనిషి, నా వేళ్ళకేసే చూస్తున్నాడు.

"ఏం తమ్మీ, గంతసేపటి సంది సప్పుడు లేకుంట ఊదుతున్నవ్? నీ వేళ్ళు జూస్తే నా చేతులు ఆగుతలేవు."

జగిత్యాల దగ్గరి ఊరు, సెంట్రింగ్ పని, ఊళ్ళో ఉన్నప్పుడు హనుమాన్ గుడిలో భజనకు డోలక్ వాయించేవాడట. క్యాంపులో డ్యూటీకి పోయేవాళ్ళు పోతుంటే వచ్చి పడుకునేవాళ్ళు పడుకుంటారు, అక్కడ దరువెయ్యడం కుదరదు కాబట్టి ఆయనా నాలాగే కొనని బేరగాడు. ఆ రోజు నుంచీ నాకు అన్న అయ్యాడు. నా వేళ్ళు చూసి, నా కాలి ఊపు చూసి, తెలియకుండా నా బుగ్గలు ఉబ్బితే అదీ చూసి తాళం పట్టేవాడు. ఇక్కా లెక్కలు చూసుకుంటూనే తల ఊపుతుండేవాడు.

అయితే పాట ఏనాడూ ఒక్క బిగిన పూర్తి కాలేదు. మొదటి భాగం పొడుగు గనుక, సరిగ్గా మెట్లెక్కబోయే వేళకు ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చేవారు. ఇక్కా గొంతు సవరించుకుని యల్లా అనేవాడు, ఇక చాలించండి అని. నేను సన్నాయి బల్ల మీద పెట్టేసి, నిజంగా కొనబోయే వాడిలా గిటార్లను ఎగాదిగా చూసేవాణ్ణి. అన్న మాత్రం డోలక్ అంచు మీద ఒక్క వేలితో తాళం నడిపిస్తూనే ఉండేవాడు, ఆ వచ్చినవాళ్ళు పోగానే నేను తప్పిపోకుండా అందుకోవాలని. అట్లా ఎన్ని శుక్రవారాలు గడిచాయో, ఆ పాట ఆగడమూ అందుకోవడమూ మా ముగ్గురికీ అలవాటైపోయాయి.

వేళ్ళ సంగతి సరే, ఊపిరి? మా నాయన చిన్నప్పుడు నేర్పిన కిటుకు ఒకటి గుర్తొచ్చింది. బడి ముందు కారాపుకుని, నీళ్ళ సీసాలో స్ట్రా పెట్టి, బుడగలు తెగకుండా ముక్కుతో గాలి తీసుకుంటూ బుగ్గలతో ఊదుతూ కూర్చునేవాణ్ణి. ఒకనాడు మేడం చూసి మజ్నూన్ అంది, పిచ్చోడా అని. వెనక సీట్లోని చిన్నపిల్ల, అదే ఇప్పటి ఈ పియానో పిల్ల, ఇంటికెళ్ళి పాలగ్లాసులో అదే పని చేసి చీవాట్లు తిన్నది. ఆ చీవాట్లలో సగం నాకు.

సెలవు వచ్చింది, ఊరు చేరాను. ఊరి బయట మిట్ట మీదికి పోయి తాత సన్నాయి నోట పెడితే మొదటి ఊపిరికి మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. కన్నీళ్ళొక్కటే తక్కువ. పొద్దువాలేసరికి నీళ్ళ సీసా పుణ్యమా అని ఊపిరి దారిలో పడింది, వేళ్ళకైతే నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు.

పెళ్ళి పందిట్లో నాయన నా పక్కనే తాళాలు పట్టుకుని కూర్చున్నాడు, చిన్నాయన డోలు వేసుకున్నాడు. తాత వరుస మొదలుపెట్టాను. నెమ్మది భాగం సాగింది, చుట్టాల తలలు ఊగాయి, ఇక మెట్లెక్కాలి అనేచోట నా వేళ్ళు వాటంతట అవే లేచిపోయాయి. సన్నాయి దించి, తలెత్తి, పందిరి ద్వారం వైపు చూశాను, ఎవరో బేరానికి వచ్చినట్టు! పందిరంతా నిశ్శబ్దం. చెల్లెలు తలెత్తి నాకేసి చూసింది. ఆ నిశ్శబ్దంలో నాకు అన్న వేలి తాళం ఒక్కటే లోపల వినబడుతోంది. చిన్నాయన ఇదేదో నేను కావాలని పెట్టిన ఆపు అనుకున్నాడు కాబోలు, వేలికొసలతో డోలు మీద చిన్న దరువు పరిచి నాకేసి తలాడించాడు. అది పట్టుకుని పైకి ఎక్కాను, పురోహితుడు చెయ్యెత్తాడు, గట్టిమేళం మోగింది, మా చెల్లెలి మెడలో తాళి పడింది.

సాయంత్రం చుట్టాలందరూ ఆ ఆపు గురించే మాట్లాడుకున్నారు. నాయన నన్ను పక్కకు పిలిచాడు. ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

"ఆ నిలుపు యాడ నేర్చినావురా?"

"అంగట్లో, నాయనా."

"అంగట్లో మేళం గూడా నేర్పిస్తారా ఆ కువైట్లో!"

తిరిగి వచ్చేటప్పుడు పెళ్ళి వీడియో సీడీ పట్టుకొచ్చాను. శుక్రవారం ఇక్కా దాన్ని తన అంగట్లోని ప్లేయరులో పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అన్నగానీ ఇక్కాగానీ ఆ పాట అసలు వినలేదని. అన్ని నెలలు తాళం పట్టిన మనిషి నోరు తెరుచుకుని విన్నాడు.

"నేననుకున్న పాట గిది గాదు తమ్మీ. నా మనసుల ఇంకో పాట నడిచింది. తాళం మాత్రం గదే."

ఆయన మనసులో నడిచిన పాట ఏదో నేను అడిగాను, పాడలేనని సిగ్గుపడి నవ్వేశాడు. అది ఎట్లా ఉండి ఉంటుందా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. పాట ఆగిపోయిన చోట మాత్రం ముగ్గురమూ ఒక్కసారే తలుపు వైపు చూశాం.

ఆ తరువాత కొన్నేళ్ళకు రోడ్డు వెడల్పు చేయడానికి ఆ అంగళ్ళ వరుసంతా పడగొట్టారు. ఇక్కా ఊరికి పోయి మనవళ్ళతో ఉన్నాడని విన్నాను. అన్న కూడా కంపెనీ మానేసి జగిత్యాల చేరుకుని, గుడి భజనలో తన డోలక్ ముందు కూర్చున్నాడు. నాయన పోయే ముందు, ఊదలేని ఆ రొమ్ముతోనే, నా కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఆ సీడీ పెట్టి తాత వరుస నేర్పాడట. నేను అక్కడ లేను.

మాల్‌లో ఆ అమ్మాయి పియానో తేల్చుకునే లోపు నా ఫోన్ మోగింది. అంతకు ముందు రోజు జరిగిన పెళ్ళి వీడియో. అదే చెల్లెలి కూతురి పెళ్ళి, నాకు సెలవు దొరకలేదు. నా కొడుకు సన్నాయి పట్టుకుని కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఆ పిల్లల మధ్య నిలబడి, ఫోన్ ముఖానికి దగ్గరగా పట్టుకుని చూస్తూ విన్నాను. నెమ్మది భాగం సాగింది. మెట్లెక్కబోయే చోట వాడు ఆగాడు. తలెత్తి పందిరి ద్వారం వైపు చూశాడు. ఎందుకు చూడాలో వాడికి తెలియదు, వాళ్ళ జేజినాయన సీడీ పెట్టి, అందులో నేను చూసినట్టే చూడమన్నాడు కాబట్టి చూశాడు, అంతే. నేనూ తలెత్తి ఈ షోరూము తలుపు వైపు చూశాను. ఎవరూ రాలేదు, ఎవరూ యల్లా అనలేదు. ఇప్పుడు అంగళ్ళలో ఎంతసేపు ఉన్నా, ఎన్ని వాయించి చూసినా ఎవరూ ఏమీ అనరు. కాకపోతే పక్కవాడి వేళ్ళకేసి చూసి తాళం పట్టేవాళ్ళు కూడా లేరు.

ఆ వీడియో అన్నకు పంపించాను. సేల్స్ అమ్మాయి రసీదు రాస్తుండగా ఫోన్‌లో ఆయన గొంతు వచ్చింది, కొంచెం వణుకుతోంది గానీ నవ్వు అదే.

"తమ్మీ, మన దుకాణం ఇంక బందు గాలే."