స్లాటు పట్టిన అల్లుడు

వినోదాల పార్కులో అందరూ తలెత్తి రైడ్లను చూస్తుంటే, చిన్నల్లుడు తలొంచుకుని ఫోన్లోనే ఉన్నాడు. ముందుగా స్లాటు బుక్ చేసుకోనిదే రోలర్ కోస్టర్ ఎక్కనివ్వరు. బొటనవేలితో తెరను కిందికి లాగడం, ఖాళీ లేదనగానే పళ్లు నూరడం, పొద్దుటినుంచీ అదే పని. పిల్లలు ఐస్‌క్రీం అడిగినా, భార్య నీడకు రమ్మన్నా చెయ్యి ఊపుతాడే తప్ప తలెత్తడు. మధ్యాహ్నం ఉన్నట్టుండి "దొరికింది!" అని గావుకేక పెట్టాడు. తప్పిపోయిన పిల్లాడెవరో దొరికాడనుకుని పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు.

భార్యాపిల్లల్నీ అత్తగారినీ పరుగులు పెట్టించి గేటు దగ్గరికి తెచ్చాక, మొదటిసారి తలెత్తి చూశాడు. పైన బండి తలకిందులుగా తిరుగుతోంది. అందులో జనం కేకలు పెడుతున్నారు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఫోన్లు లోపలికి తేకూడదంటండీ," అన్నాడు అత్తగారితో. "నేను బయటుండి పట్టుకుంటా. నా బదులు మీరెళ్లండి."

"ఈ వయసులో నేనా బాబూ?" అంటూనే ఆవిడ కళ్లజోడు తీసి అతని చేతిలో పెట్టేసింది.

కాసేపటికి జుట్టంతా రేగిపోయి, నవ్వు ఆపుకోలేకుండా దిగివచ్చింది. "అబ్బ, ఎంత బాగుందో! సాయంత్రానికి ఇంకో స్లాటు పట్టు బాబూ. ఈసారి ఫోన్లు అమ్మాయి పట్టుకుంటుంది. మనిద్దరం ముందు సీట్లో కూర్చుందాం."

"అన్నీ నిండిపోయాయండీ," అన్నాడు అల్లుడు, జేబులోంచి ఫోను తియ్యకుండానే.