రెండు కన్నాలు మూసిన బట్టీ

నేను గుంటూరులో ఇంటర్మీడియెట్ ముగించి ఇంటికి వచ్చేనాటికి మా నాన్న గురజాల దగ్గర ఒక సున్నపు బట్టీలో మేస్త్రీ. రెండో ప్రపంచ యుద్ధం వల్ల రాక్షసిబొగ్గు దొరకడం కష్టమైంది. బొగ్గు లేకపోతే బట్టీ ఆగుతుంది, కూలీలు ఇళ్లకు పోతారు.

ఏ రసాయన సమీకరణాన్నైనా భిన్నాలు లేకుండా పూర్ణ సంఖ్యలతో తుల్యం చేయగలనని నాకు గర్వం. కాగితం మీద రాశాను: బొగ్గు ఒకటి, ప్రాణవాయువు ఒకటి, బొగ్గుపులుసు వాయువు ఒకటి. రెండు వైపులా సరిపోయింది. దాన్నిబట్టి బట్టీకి ఎంత గాలి కావాలో లెక్కగట్టాను. అడుగున ఉన్న నాలుగు గాలికన్నాల్లో రెండు అనవసరమని తేలింది. ఎక్కువైన గాలి వేడిని మోసుకుపోతోందని నాన్నకు చెప్పాను. ఆయన బంకమట్టితో రెండూ పూడ్పించాడు. బొగ్గు మునుపటికన్నా ఎక్కువ రోజులు వచ్చింది.

కాలిన సున్నాన్ని బట్టీని ఆనుకున్న కొట్టంలో పోసేవాళ్లు. మధ్య గోడ నిండా నెర్రెలే. వాన తగిలితే సున్నం పొంగి పిండవుతుంది కనుక, ముసురు పట్టినప్పుడు తలుపులు బిగించి, కప్పు కారిన చోటి నుంచి సున్నం పక్కకు లాగడానికి లోపల ఒక మనిషిని ఉంచడం అక్కడి పద్ధతి. ఆ పని మా పొరుగింటి బాబాయిది.

ముసురు పట్టిన రెండో రోజు పొద్దున ఆయన బయటికొచ్చి గోడకు ఆనుకున్నాడు.

"తలకాయ చానా దిమ్ముగా ఉందిరా అబ్బాయ్. కాళ్లు నాయి కానట్టున్నయ్."

సున్నం ఘాటు అయి ఉంటుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాను.

"ఇంత సదివి గుడ్డ కట్టుకోమనేనా నువ్వు సెప్పేది," అని నవ్వి, కట్టుకుని లోపలికి పోయాడు.

మధ్యాహ్నం ఆయన భార్య సంగటి తెచ్చి తలుపు కొట్టింది. పలకలేదు. తోసి చూస్తే సున్నపు గుట్ట పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగి ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. ఊపిరి లేదు.

గుండె ఆగిందని అందరూ అన్నారు. నేను ఇంటికి వెళ్లి ఇంకో సమీకరణం రాశాను. గాలి చాలకపోతే బొగ్గు సగమే కాలుతుంది: బొగ్గు రెండు, ప్రాణవాయువు ఒకటి, వాసన లేని విషవాయువు రెండు. ఇదీ రెండు వైపులా సరిపోయింది. బట్టీలో జరిగేది ఈ రెంటిలో ఏదన్నది అంకెలు చెప్పవు.

మర్నాడు, ఆ వాయువు ఇంక నెర్రెల్లోంచి కొట్టంలోకి రాకుండా, గడ్డపారతో కన్నాలు పొడిచి తెరిచాను.

దినాలు అయ్యాక బాబాయి చేసిన పనిలోకి ఆయన భార్య, మా పిన్ని, తానే వచ్చింది. కన్నాల దగ్గర పడి ఉన్న మట్టిపెళ్లలు చూసింది.

"ఇయి మూయించిందెవురు?"

నేనేనన్నాను. దేనికని అడిగింది. బొగ్గు కలిసొస్తుందన్నాను.

"ఎంత కలిసొచ్చింది?"

వారానికి మూడు రోజులదని చెప్పాను. ఆమె తలకు గుడ్డ చుట్టుకుని గంప అందుకుంది.